పూర్వచిత్రంలో ఉన్నవాళ్ళు

వంతెనపాడు పురపాలక సంఘంలో పదిహేడో వార్డు కౌన్సిలరు మేడిశెట్టి హైమవతి చేసిన తప్పల్లా ఒక్కటే. ఫొటో బాగా తీసింది.

పదహారో వార్డు కౌన్సిలరు గారు తమ వీధిలో విరిగిన కుళాయిని ఫొటో తీస్తే అందులో సగం ఆయన బొటనవేలు, మిగతా సగం గోడ వచ్చాయి. ఆ కుళాయి వారం తిరక్కుండా బాగుపడింది. హైమవతికి అంత అదృష్టం లేదు. ఆవిడకి ఏ పనైనా ఒళ్ళు వంచి చెయ్యడం అలవాటు. పదిహేనేళ్ళుగా పిండిమర నడుపుతోంది. ఒకరి శనగపిండిలో ఇంకొకరి మినప్పిండి చిటికెడు కలిసినా మర ఆపి, తుడిచి, మళ్ళీ మొదలుపెడుతుంది. అలాంటి మనిషి కౌన్సిలరు అయితే ఏమవుతుందో ఓట్లేసినవాళ్ళు ఆలోచించి ఉండరు.

పదిహేడో వార్డులో సున్నపుబట్టీ వీధి అని ఒక సందు ఉంది. ఒక కొస మెయిన్ రోడ్డులో కలుస్తుంది, రెండో కొస కాలవగట్టు మెట్ల దగ్గర ఆగిపోతుంది. రోడ్డులో కలిసే చోట మురుక్కాలవ అడ్డంగా పారుతుంది, దాని మీద సిమెంటు పలక ఉండేది. ఆ పలక రెండు వానాకాలాల కిందట నడిమికి విరిగి కాలవలో పడింది. నడవగలిగినవాళ్ళు ఓ పెద్ద అంగ వేసి దాటేస్తున్నారు. మోటారుసైకిళ్ళున్నవాళ్ళు బళ్ళు రోడ్డు మీదే వదలడం నేర్చుకున్నారు. దాటలేనివాడు ఒక్కడే, దర్జీ యోబు.

యోబుకి చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పనిచెయ్యవు. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద తిరుగుతాడు. మెయిన్ రోడ్డు మీద కొట్టు, కొట్లో మోటారు మెషీను, కత్తిరించుకునే పొడుగాటి బల్ల. మున్సిపల్ బడి పిల్లల యూనిఫారాలు ఇరవై ఏళ్ళుగా ఆయన చేతి మీదే వెళుతున్నాయి. పలక విరిగినప్పటి నుంచి పొద్దున్న ఎనిమిది గంటల పది నిమిషాలకి తాపీమేస్త్రి తాతాజీ ఎడమ చక్రం, సైకిల్ షాపు ఇస్మాయిల్ కుడి చక్రం పట్టుకుని బండితో సహా ఆయన్ని ఎత్తి అవతల దింపుతున్నారు. సాయంత్రం ఇవతల దింపుతున్నారు. ఇద్దరూ ఏనాడూ విసుక్కోలేదు. అయినా యోబుకి మాత్రం రోజూ ప్రాణం చచ్చిపోతున్నట్టు ఉండేది.

"పాతికేళ్ళు ఎవరి చెయ్యీ పడకుండా కొట్టుకెళ్ళాను చెల్లెమ్మా," అన్నాడు ఓట్లడగడానికి వచ్చిన హైమవతితో. "ఇప్పుడు రోజుకి రెండు సార్లు పెళ్ళికొడుకులా పల్లకీ ఎక్కుతున్నాను."

"బళ్ళు తెరిచే లోపల పలక వేయిస్తాను యోబన్నా," అంది హైమవతి. ఓట్లకోసం అన్న మాట కాదది. నిజంగానే అంది.

సరిగ్గా అప్పుడే పట్టణాలన్నిటికీ 'సాదృశ్య' అనే కొత్త విధానం వచ్చింది. ఎక్కడో ఒక ఊళ్ళో ఇంజినీర్లు ఒకే ఒక్క మంచి రోడ్డుని పదకొండు వైపుల నుంచి ఫొటోలు తీసి, పదకొండు రోడ్లు వేశామని పైకి పంపారట. ఇకమీదట అలాంటిది జరక్కూడదని పెద్దలు తలలు పట్టుకు కూర్చుని ఒక మార్గం కనిపెట్టారు. ఏ పనికైనా ముందు ఒక ఫొటో తియ్యాలి. అది పూర్వచిత్రం. పని అయ్యాక ఇంకో ఫొటో తియ్యాలి. అది అనంతరచిత్రం. రెండింటినీ కంప్యూటరు పోల్చి చూసి, నూటికి తొంభై పాళ్ళు కలిస్తే 'పరిష్కృతం' అని పచ్చరంగు చూపిస్తుంది. కలవకపోతే ఆ పని జరగనట్టే లెక్క. మనుషులు లంచం తింటారు గానీ కంప్యూటరు తినదు కాబట్టి ఈ విధానం అందరికీ నచ్చింది.

హైమవతికీ నచ్చింది. జూన్ నాలుగో తారీకు పొద్దున్న ఎనిమిదీ పదికి ఫోను పట్టుకుని సందు మొగలో నిలబడింది. పలక విరిగింది అంటే ఎవరు చూస్తారు, దానివల్ల మనిషి పడే బాధ చూపించాలి అనుకుంది. యోబు బండి సరిగ్గా కాలవ మీద గాల్లో ఉన్న క్షణం చూసి నొక్కింది. అద్భుతంగా వచ్చింది. తాతాజీ మెడనరాలు కనపడుతున్నాయి. ఇస్మాయిల్ పళ్ళు బిగించాడు. యోబు రెండు చేతులతో బండి పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. వెనక ఆ సందులోనే ఉండే పార్వతమ్మ గేదె ఎడం వైపుకి చూస్తోంది. గోడ మీద పార్వతమ్మ ఆరేసిన హంసల దుప్పటి. కింద నేల మీద హైమవతి నీడ, కొప్పుతో సహా. చూసినవాళ్ళంతా ఇది పేపర్లో వెయ్యాల్సిన ఫొటో అన్నారు.

పై అధికారుల గుండె కరిగింది. పదిరోజుల్లో పని మంజూరైంది, ఇంకో నాలుగు రోజుల్లో కొత్త పలక పడింది. అంత తొందరగా వంతెనపాడులో పుట్టిన బిడ్డకి పేరు కూడా నమోదు కాదు. మందపాటి పలక, అంచుల్లో వాలు, బండి చక్రం జారకుండా పైన గీతలు. ఇంకా తడి ఆరలేదని, యోబు తన గుమ్మంలో కూర్చుని దూరం నుంచే దాన్ని అలా చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు హైమవతి మర దగ్గర అందరికీ లడ్డూలు పంచింది.

మర్నాడు ఏఈ ఫణికుమార్ వచ్చారు. ఏఈ అంటే మున్సిపల్ అసిస్టెంటు ఇంజినీరు. మనిషి మంచివారే, కాకపోతే ఎవరితో మాట్లాడుతున్నా కళ్ళు ఫోనులో ఉంటాయి. అనంతరచిత్రం తీసి కంప్యూటరుకి పంపారు. కాసేపు గుండ్రంగా ఏదో తిరిగింది. తర్వాత నలభై ఒకటి అని ఎర్రగా వచ్చింది.

"సాదృశ్యం చాల్లేదు మేడం," అన్నారాయన, జ్వరం ఎంతుందో చెప్పినట్టు. మధ్యాహ్నానికల్లా పలకకి రెండు వైపులా ఎర్రా తెల్లా చారల ఇనప కంచె వచ్చింది. 'పని అసంపూర్ణం. పరిష్కృతమగు వరకు ప్రజా వినియోగము నిషిద్ధము' అని బోర్డు కట్టారు. కంచె పక్కన మనిషి ఒళ్ళు ఓరగా పెట్టుకుంటే దూరేంత సందు ఉంది. బండి దూరేంత లేదు, కంచె ఎత్తుకి పైనుంచి ఎత్తి దాటించడానికీ లేదు.

హైమవతి పిండి చేతులతోనే ఆఫీసుకి వెళ్ళింది. కమిషనరు విశ్వేశ్వరం గారు ఆవిణ్ణి ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. ఆయన మాట్లాడుతుంటే ఎదురుగా కాగితం లేకపోయినా చదువుతున్నట్టే ఉంటుంది.

"మీ పూర్వచిత్రం పరిశీలించానమ్మా. చాలా సమగ్రంగా ఉంది. సమగ్రతే ఇక్కడ చిక్కు."

"పలక వేశారు కదండీ. ఫొటోలో పలక కనపడుతోంది. ఇంకేం కావాలండీ?"

"పలక కనపడటం ఒక్కటే ప్రామాణికం కాదు. ఆ పలక సదరు వీధిలోనిదే అని నిర్ధారణ కావాలి. సదరు వీధి అనగానేమి? పూర్వచిత్రంలో గల వీధి. సదరు పూర్వచిత్రంలో ఒక వ్యక్తి గాలిలో ఉన్నారు, ఒక గేదె ఉన్నది, హంసలతో కూడిన ఒక దుప్పటి ఉన్నది. అనంతరచిత్రంలో ఇవేవీ లేవు. కాబట్టి అది వేరే వీధి అయి ఉండాలి."

"ఆఫీసుకి రెండు వందల గజాల్లో ఉందండీ ఆ వీధి. రండి, చూపిస్తాను."

"నేను చూడటం విధానంలో లేదమ్మా," అన్నారు కమిషనరు గారు బాధగా. "నేను చూడగలిగి ఉంటే ఈ విధానమే అవసరం లేకపోయేది."

హైమవతికి ఒళ్ళు మండిపోయింది. కంచె తానే పీకి కాలవలో పారేస్తానంది. కమిషనరు గారు కోప్పడలేదు. ఒక పుస్తకం తెరిచి ఇరవై రెండో పేజీ చూపించారు. అసంపూర్ణమైన పనిని ప్రజలు బలవంతంగా వాడుకుంటే ఆ వార్డు మొత్తం 'అవిశ్వసనీయ వార్డు' అవుతుంది. మూడేళ్ళ పాటు ఆ వార్డు నుంచి నీళ్ళ గురించి గానీ, దీపాల గురించి గానీ ఏ అర్జీ తీసుకోరు. పదిహేడో వార్డులో పద్దెనిమిది వందల కుటుంబాలున్నాయి. హైమవతి నోరు మూసుకుని ఇంటికొచ్చేసింది.

యోబుకి తనే వెళ్ళి సంగతి చెప్పింది. పలక లేనప్పుడు మనిషి రోజూ కొట్టుకెళ్ళాడు. పలక వేయించి ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టింది తను. ఇస్మాయిల్ వచ్చి, వీపు మీద ఎక్కించుకుని కంచె పక్కనుంచి తీసుకెళతానన్నాడు. యోబు చేతులడ్డం పెట్టాడు.

"బండి మీద ఎత్తితే బండిని ఎత్తినట్టు ఉంటుంది భాయ్. వీపు మీదయితే నన్నెత్తినట్టే ఉంటుంది. వద్దు."

మెషీను ఇంటికి తెచ్చిపెడదామంటే, యోబు ఉండే గదిలో మంచం వేస్తే మనిషికి చోటు లేదు, కత్తిరింపు బల్ల ఎక్కడ పడుతుంది. బడి తెరిచారు. పిల్లలు పాత యూనిఫారాల్లో, మోకాళ్ళ పైకి వచ్చిన నిక్కర్లలో తిరుగుతున్నారు. హెడ్మిస్ట్రెస్ గారు ఒకసారి సందు మొగదాకా వచ్చి, కంచె అవతల నిలబడి, యోబుతో కేకేసి మాట్లాడి వెళ్ళారు. జూలై ఆఖరు దాకా చూస్తాను, ఆ తర్వాత పక్క ఊరి రెడీమేడ్ వాళ్ళకి ఇచ్చేస్తాను, నన్ను తిట్టుకోకండి అన్నారు. ఇరవై ఏళ్ళ పని ఒక్కసారి రెడీమేడ్ వాళ్ళ చేతికి వెళితే మళ్ళీ రాదని యోబుకి తెలుసు, ఆవిడకీ తెలుసు.

సరే, ఫొటోయే కదా కావలసింది, మళ్ళీ తీద్దాం అనుకుంది హైమవతి. ఆఫీసువాళ్ళూ సంతోషించారు. మూడో రోజున తాఖీదులు వచ్చాయి. పూర్వచిత్రంలో మొత్తం ఏడు అంశాలు ఉన్నట్టు తేల్చారు. ఒకటో అంశం యోబు, రెండోది ఆయన బండి, మూడోది తాతాజీ, నాలుగోది ఇస్మాయిల్, అయిదోది గేదె, ఆరోది దుప్పటి, ఏడోది కౌన్సిలరు గారి నీడ. 'పై అంశములు తదుపరి ఉత్తర్వుల వరకు పట్టణ పరిధి దాటి వెళ్ళరాదు, రూపురేఖలలో ఎట్టి మార్పులు చేసుకొనరాదు' అని అందులో ఉంది. అయిదో అంశానికి తాఖీదు పార్వతమ్మ ద్వారా అందజేశారు. హైమవతి నీడకి రావలసిన తాఖీదు హైమవతి పేరు మీదే వచ్చింది. నాలుగు రోజుల కిందటే కొప్పు మానేసి జడ వేసుకుంటున్న మనిషి మళ్ళీ కొప్పు పెట్టింది.

తాఖీదులు వచ్చేసరికే అంశాలు చెల్లాచెదురైపోయి ఉన్నాయి. గేదెని పార్వతమ్మ తన తమ్ముడి ఊరు తోలేసింది. తాతాజీ తిరుపతిలో గుండు చేయించుకుని, అటునుంచి అటే పెద్ద అపార్టుమెంటు పనికి హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఇక దుప్పటి. పాతదైపోయిందని పార్వతమ్మ దాన్ని యోబుకే ఇచ్చి, పలక పడకముందు, నాలుగు దిండు గలీబులు కుట్టించుకుంది.

హైమవతి కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగింది. మర తాళం వేసేసింది. పిండి కోసం వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ వెనక్కి వెళుతున్నారు. పార్వతమ్మ కాళ్ళావేళ్ళా పడి దిండ్లకున్న గలీబులు ఊడదీయించి యోబు దగ్గరికి తీసుకెళ్ళింది. యోబు గుమ్మంలో కూర్చుని, వేసిన కుట్టు ఒక్కొక్కటే విప్పి, ముక్కల్ని చేతి సూదితో మళ్ళీ కలిపాడు. హంసల మెడలు హంసలకి అతకడానికి మూడు రోజులు పట్టింది.

"నా సర్వీసులో దుప్పటిని గలీబులు చేసిన వాళ్ళున్నారు, చీరని కర్టెను చేసిన వాళ్ళున్నారు," అన్నాడు దారం కొరుకుతూ. "గలీబుల్ని దుప్పటి చేయించుకుంది మాత్రం గవర్నమెంటు ఒక్కటే."

"నన్ను క్షమించన్నా," అంది హైమవతి.

"నువ్వేం చేశావమ్మా. ఫొటో బాగా తీశావు, అంతేగా."

తాతాజీకి పదిసార్లు ఫోను చేస్తే వచ్చాడు. అక్కడి మేస్త్రి దగ్గర సెలవు పెట్టి, రాత్రి బస్సెక్కి, పొద్దున్నే గుండుతో దిగాడు. ఏఈ గారు ఆ గుండుని నాలుగు వైపులా చూసి, జుట్టు పెరగడానికి రెండు నెలలైనా పడుతుందనీ, అంశానికి తగినంత వ్యవధి ఇవ్వడానికి ఆఫీసుకి అభ్యంతరం లేదనీ అన్నారు. జూలైలో ఇంకా పదిహేను రోజులే ఉన్నాయి. హైమవతి నాటకాలవాళ్ళ ఇంటికి వెళ్ళి విగ్గు తెచ్చింది. అది కృష్ణుడి పాత్రకి పెట్టేది, భుజాల మీదికి రింగులు రింగులుగా ఉంది. కత్తిరించడానికి నాటకాలాయన ఒప్పుకోలేదు. రింగుల్ని చొక్కా కాలరు లోపలికి దోపుకుంటే ఫరవాలేదన్నారు ఏఈ గారు, పూర్వచిత్రాన్ని పెద్దది చేసి చూసి.

గేదె ఒక్కటీ ఆటో ట్రాలీలో దర్జాగా దిగింది. అయితే వెంట దూడ వచ్చింది. పూర్వచిత్రంలో దూడ లేదు. దూడని కుడి పక్క గోడ వెనక కట్టేస్తే గేదె కుడి వైపే చూస్తూ నిలబడింది. పూర్వచిత్రంలో ఎడం వైపుకి చూస్తోంది. ఆ పొద్దంతా పార్వతమ్మ గడ్డి చూపించింది, ఇస్మాయిల్ గంట కొట్టాడు, ఏఈ గారు స్వయంగా చప్పట్లు కొట్టి చూశారు. చివరికి గేదెని ఏమీ అనకుండా దూడనే తీసుకెళ్ళి ఎడం పక్క గోడ వెనక కట్టేసింది హైమవతి. అంతమంది ఉద్యోగస్తులకి తోచనిది తోచినందుకు ఏఈ గారు ఆవిణ్ణి మెచ్చుకున్నారు.

మర్నాడు ఎనిమిదీ పదికి అంతా సిద్ధం. ఏఈ గారు ఫోను ఎత్తి, మళ్ళీ దించారు.

"ఒకటో అంశం కింద ఉన్నారు మేడం. పూర్వచిత్రంలో పైన ఉన్నారు."

"కింద పలక ఉంది కదండీ ఇప్పుడు. బండి దాని మీద నిలబడుతుంది," అంది హైమవతి.

"పలక ఉంటే ఉంటుంది మేడం, దాని పని అది చేసుకుంటుంది. ఒకటో అంశం మాత్రం నేలకి అడుగున్నర పైన ఉండాలి."

కంచె కాస్త పక్కకి జరిపారు. యోబు బండి తోసుకుంటూ వచ్చాడు. కొత్త పలక మీద బండి చక్రాలు మొదటిసారి ఎక్కాయి. ఎంత మెత్తగా ఎక్కాయంటే, యోబు చేతులు వాటంతటవే ఇంకో రెండు చుట్లు తిప్పబోయాయి. ఇంకో రెండు చుట్లు తిప్పితే రోడ్డు. ఏఈ గారు "ఆగండాగండి, అక్కడే" అన్నారు. తాతాజీ విగ్గు సర్దుకుని ఎడమ చక్రం పట్టుకున్నాడు, ఇస్మాయిల్ కుడి చక్రం పట్టుకున్నాడు. గట్టి పలక మీద, ఏ అవసరమూ లేకుండా, యోబుని బండితో సహా ఎత్తి పట్టుకున్నారు.

"ఒకటో అంశం ముఖంలో భయం ఉండాలండీ," అన్నారు ఏఈ గారు.

"ఉంది బాబూ," అన్నాడు యోబు. "ఇంకా ఎక్కువుంది."

కంప్యూటరు ఈసారి చాలాసేపు తిరిగింది. ఎనభై ఆరు అని వచ్చింది. దూడ ఒక్కటీ అరిచింది. యోబుని కిందికి దింపి, వెనక్కి తిప్పి పంపించి, కంచె మళ్ళీ పెట్టేశారు.

ఎనభై ఆరుకీ తొంభైకీ మధ్య ఆ నాలుగు పాళ్ళు ఎక్కడ పోయాయో తేల్చడానికి కమిషనరు గారి ఆఫీసులో అత్యవసర సమావేశం పెట్టారు. హైమవతినీ పిలిచారు. గోడ మీద రెండు ఫొటోలూ పక్కపక్కన వేసి చూపించారు. ఏఈ గారు పొడుగాటి కర్ర పట్టుకుని ఒక్కొక్క అంశం మీదా పెట్టి వివరించారు. గేదె బాగా కుదిరింది. దుప్పటిలో ఒక హంస మెడ కొంచెం వంకర, అది పాయింట్లలో పోతుంది. నీడ నూటికి నూరు. విగ్గుని కంప్యూటరు అనుమానించనే లేదు.

"మరి తేడా ఎక్కడుంది?" అన్నారు కమిషనరు గారు.

ఏఈ గారు కర్రని ఫొటో మధ్యలో పెట్టారు. "ఇక్కడుంది సార్. పూర్వచిత్రంలో ఇక్కడ గొయ్యి ఉంది. అనంతరచిత్రంలో పలక ఉంది. ఫొటోలో ఇది నూటికి పదకొండు పాళ్ళు ఆక్రమిస్తోంది. పలక ఉన్నంత వరకు మనం ఎంత చేసినా ఎనభై తొమ్మిది దాటం."

గదిలో అంతా ఆ మాట రాసుకున్నారు. హైమవతి అందరి ముఖాలూ చూసింది. ఎవరైనా నవ్వుతారేమో అని చూసింది. ఒక్కరూ నవ్వలేదు.

"అనగా," అన్నారు కమిషనరు గారు నెమ్మదిగా, "పరిష్కారమునకు పలకయే అవరోధముగా పరిణమించినది."

"అంతే సార్."

"అయితే అవరోధమును ఉపసంహరించవలెను."

హైమవతి కుర్చీలోంచి లేచింది. "ఉపసంహరించడం అంటే ఏంటండీ?"

"సదరు పలకను తొలగించి అనంతరచిత్రం తీసుకుంటామమ్మా. సాదృశ్యం తొంభై దాటగానే మీ సమస్య పరిష్కృతమవుతుంది. కంచె తీసేస్తాము."

"కంచె తీశాక మళ్ళీ పలక వేస్తారా?"

కమిషనరు గారు ఆవిడ వైపు జాలిగా చూశారు. "పరిష్కృతమైన సమస్యను మరల ఎలా పరిష్కరిస్తామమ్మా? అది నిధుల దుర్వినియోగం కాదూ? అయితే మీ అంగీకారం లేకుండా మేమేదీ చెయ్యము. ఇది ప్రజాస్వామ్యం. ఇక్కడ సంతకం చెయ్యండి. చెయ్యకపోయినా పరవాలేదు, పలక అలాగే ఉంటుంది, కంచె కూడా అలాగే ఉంటుంది."

హైమవతి సంతకం చెయ్యలేదు. కాగితం పట్టుకుని సున్నపుబట్టీ వీధికి వచ్చింది. యోబు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో పిల్లల కొలతలు రాసుకున్న నోటు పుస్తకం ఉంది. ఆవిడ పక్కన గడప మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. కమిషనరు గారు వాడిన మాటలన్నీ వాడి, వాటి అర్థాలన్నీ విడమర్చి చెప్పింది. చెబుతుంటే ఆవిడకే సిగ్గేసింది.

"హైకోర్టుకి వెళదామన్నా," అంది చివరికి. "అసెంబ్లీలో అడిగిద్దాం. ఇలా ఎలా ఒప్పుకుంటాం."

యోబు నోటు పుస్తకం తిరగేశాడు. "పిల్లలు ఎదిగిపోతున్నారు చెల్లెమ్మా. జూన్‌లో తీసిన కొలతలివి. ఇంకో నెల పోతే ఇవి కూడా పనికిరావు." పుస్తకం మూసి అన్నాడు, "కంచె ఉన్న పలక కంటే కంచె లేని గొయ్యి నయం. పగలగొట్టించు."

"అన్నా, ఆ రోజు నువ్వు దాని మీద ఎక్కావు కదా."

"ఎక్కాను. బాగుంది," అన్నాడు యోబు. "పగలగొట్టించు."

హైమవతి అక్కడే, గడప మీద పెట్టుకుని సంతకం చేసింది. కౌన్సిలరు అయిన తర్వాత ఆవిడ పెట్టిన సంతకాల్లో పని వెంటనే జరిగింది ఇదొక్కటే. ఆ సాయంత్రమే మిషను తెచ్చి పలకని నడిమికి విరగ్గొట్టారు. ముందు మూడు ముక్కలైంది. పూర్వచిత్రంలో రెండే ముక్కలుండటంతో, తాతాజీ చేతే మూడో ముక్కని సిమెంటు పెట్టి అతికించారు. అతికించినందుకు తాతాజీ ఎవర్నీ ఏమీ అడగలేదు, తనలో తను ఏదో గొణుక్కున్నాడంతే.

సోమవారం పొద్దున్న ఎనిమిదీ పదికి అందరూ వచ్చారు. గేదె ఎడం వైపుకి చూసింది. దుప్పటి ఆరింది. హైమవతి కొప్పు నీడ నేల మీద పడింది. తాతాజీ, ఇస్మాయిల్ కాలవకి అటూ ఇటూ కాళ్ళు పెట్టి బండిని లేపారు. యోబు ముఖంలో ఏం ఉండాలో ఈసారి ఎవరూ చెప్పలేదు. ఏఈ గారు నొక్కారు. తొంభై ఏడు అని పచ్చగా వచ్చింది.

కింద 'పరిష్కృతం' అని కూడా వచ్చింది. సందంతా చప్పట్లు కొట్టింది. పార్వతమ్మ కళ్ళు తుడుచుకుంది. ఏఈ గారు అందరితో చేతులు కలిపారు, ఆఖరికి గేదె వీపు కూడా తట్టారు. ఎలాగూ ఎత్తారు కదా అని ఇద్దరూ యోబుని వెనక్కి దింపకుండా అటు రోడ్డు మీదే దింపారు. యోబు వెనక్కి చూడకుండా బండి తిప్పుకుంటూ కొట్టు వైపు వెళ్ళిపోయాడు. ఐదు వారాల తర్వాత ఆయన కొట్టు తలుపు తీసిన చప్పుడు సందులోకి వినపడింది. హైమవతి కూడా చప్పట్లు కొడుతోంది. దేనికి కొడుతోందో ఒక్కసారి గుర్తొచ్చి చేతులు దించేసింది. ఓట్లడగడానికి వచ్చిన రోజు విరిగిన పలక చూసి కడుపు మండినావిడ, ఇవాళ విరిగిన పలక చూసి సంతోషించింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

తాతాజీ ఆ సాయంత్రం యోబుని ఇవతల దింపగానే, విగ్గు తిరిగిచ్చేసి హైదరాబాదు బస్సెక్కాడు. ఇంకో రోజు ఆగితే పని పోతుందన్నాడు. అది కాదనే ముఖం ఎవరికీ లేదు.

మంగళవారం ఎనిమిదీ పదికి యోబు బండి సందు మొగకి వచ్చేసరికి ఇస్మాయిల్ కుడి పక్క ఉన్నాడు. ఎడం పక్క హైమవతి కొంగు నడుముకి దోపుకుని నిలబడి ఉంది. యోబు ఆవిణ్ణి చూసి బండి ఆపేశాడు.

"నువ్వొద్దు చెల్లెమ్మా. కౌన్సిలరువి."

"పిండి బస్తాలు ఎత్తిన చేతులన్నా. పట్టుకో గట్టిగా."

ఎత్తారు. బస్తా బరువు వేరు, మనిషి ఉన్న బండి బరువు వేరు. అది హైమవతికి కాలవ మధ్యకి వచ్చాక తెలిసింది. ముందుకి వెయ్యాల్సిన అడుగు కోసం కాలితో వెతుక్కుంటూ ఉండగా అవతలి గట్టు మీద ఏఈ ఫణికుమార్ కనిపించారు. చేతిలో బంగారు రంగు అంచుల పటం ఉంది. పైనుంచి వచ్చిందట. పదిహేడో వార్డు 'సంపూర్ణ పరిష్కృత వార్డు' అయినందుకు ప్రశంసాపత్రం.

"శుభాకాంక్షలు మేడం," అన్నారాయన. ఆవిడ రెండు చేతులూ ఖాళీగా లేవని గమనించి, ముందుకి వంగి, పటాన్ని జాగ్రత్తగా యోబు ఒళ్ళో పెట్టారు. తర్వాత ఫోను తీశారు. "మీ పాత అర్జీ ముగిసింది కాబట్టి ఇవాళ్టి నుంచి మీ వార్డులో కొత్త సమస్యలు తీసుకోవచ్చన్నారు. ఏమైనా ఉంటే చెప్పండి, ఇప్పుడే పూర్వచిత్రం తీసేస్తాను."

హైమవతి నోరు తెరిచింది. కింద రెండు ముక్కల పలక, పక్కన మురుగు.

"ఏమీ లేవని చెప్పు చెల్లెమ్మా," అన్నాడు యోబు గాల్లోంచి, పటం జారిపోకుండా మోచేత్తో అదుముకుంటూ. "ముందు నన్ను దింపు."

ఏమీ లేవండి అని చెప్పి, హైమవతి ఆయన్ని అవతల దింపింది.